తొడ పక్క నొప్పి: ప్రతిదీ ఐటీ బ్యాండ్ కాదు (పాత టాపిక్‌లన్నీ ఇక్కడికే)

#1 మోడరేటర్_పొద్దుపరుగు

ఆగస్టు హైదరాబాద్ మారథాన్ కోసం లాంగ్ రన్‌లు మొదలయ్యాయంటే చాలు, "తొడ బయటివైపు నొప్పి, ఏం చేయాలి?" అని వరసగా టాపిక్‌లు పడతాయి. కింద జవాబు కూడా ఒక్కటే: "ఐటీ బ్యాండ్ బ్రో, రోలర్ కొట్టు." (ఐటీ బ్యాండ్ అంటే తొడ పక్కన తుంటి నుంచి మోకాలి దాకా ఉండే పట్టీ, రోలర్ అంటే కండరాల మీద దొర్లించే గట్టి ఫోమ్ దుంగ.) కానీ అడిగినవాళ్లు రాసిన లక్షణాలు చదవండి. ఒకరికి మోకాలి పక్కన పోటు. ఇంకొకరికి రాత్రి పక్కకి తిరిగి పడుకుంటే తుంటి సలుపు. మరొకరికి తొడ మీద మంట, తిమ్మిరి. ఈ మూడూ వేర్వేరు జబ్బులు. ఒకదానికి పనికొచ్చే వ్యాయామం ఇంకోదాన్ని ముదరబెడుతుంది కూడా. అందుకే పాతవన్నీ మూసేసి ఇదొక్కటే ఉంచుతున్నాను. సొంత కథలు వద్దు, ఏం చేయాలో ఎలా చేయాలో రాయండి.

#2 ఫిజియో_వాల్తేరు

మంచి పని చేశారు. ఎవరైనా సరే, ముందు నిలబడి నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించండి. వేలితో చూపించలేక అరచేత్తో తొడంతా రుద్దుతున్నారంటే, అది కూడా మాకు ఆధారమే.

మోకాలి బయటివైపు, కీలు గీతకి రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండే ఎముక గుబ్బ మీద వేలు ఆగితే అది ఐటీ బ్యాండ్ సిండ్రోమ్. మొదట్లో ఏమీ తెలియదు. ఫలానా దూరం రాగానే కలుక్కుమంటుంది, ఆగి నడిస్తే తగ్గుతుంది, మళ్లీ పరుగందుకుంటే వెంటనే తిరిగొస్తుంది. మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టం.

తుంటి పక్కన పొడుచుకొచ్చిన ఎముక మీద, అంటే ప్యాంటు పక్కజేబు అడుగు తగిలే చోట వేలు ఆగితే పిరుదు కండరాల స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) సమస్య, ముఖ్యంగా పిరుదు పక్క కండరం గ్లూటియస్ మీడియస్‌ది. ఆ కాలి మీద ఒంటికాలితో 30 సెకన్లు నిలబడితే అదే నొప్పి అక్కడే వస్తుంది. ఆ పక్కకి తిరిగి పడుకోలేరు.

తొడ ముందు-పక్క భాగంలో అరచేయంత మేర మంట, మొద్దుబారడం, బట్ట తగిలినా చిరాకు ఉంటే అది చర్మానికి వెళ్లే నరం. నొప్పి నడుము నుంచి మొదలై మోకాలు దాటి పిక్క, పాదం దాకా పాకితే తొడని వదిలేసి వెన్ను చూపించుకోండి.

దిగుడు దారిలో పరుగెత్తిన మర్నాడు తొడ కండరం మధ్యలో నొక్కితే నొప్పి, మూడు నాలుగు రోజుల్లో పోతే అది మామూలు కండరాల నొప్పే. దానికి టాపిక్ తెరవక్కర్లేదు 🙂

గజ్జల్లో లోతుగా ఉండే నొప్పి గురించి డాక్టర్ గారు రాస్తే బాగుంటుంది.

#3 నల్గొండ_రన్నర్

ఫిజియో గారూ, మీరు చెప్పిన మొదటిదే అనుకుంటున్నాను. ఆరో కిలోమీటరు దగ్గర మోకాలి పక్కన మొదలవుతుంది, పైకి తొడంతా లాగినట్టుంటుంది. నెమ్మదిగా జాగింగ్ చేస్తే ఇంకా ఎక్కువవుతోంది, అదే అర్థం కావట్లేదు. పూర్తిగా ఆపేయాలా?

#4 ఫిజియో_వాల్తేరు

పూర్తిగా ఆపక్కర్లేదండీ. నెమ్మదిగా వెళ్తే ఎందుకు పెరుగుతుందో ముందు చెప్తాను, అది తెలిస్తే మిగతాదంతా సులువు.

ఐటీ బ్యాండ్ అనేది కండరం కాదు. తుంటి ఎముక నుంచి తొడ పక్కగా దిగి మోకాలి కింద ఎముకకి అతుక్కునే మందపాటి పట్టీ. పైన టెన్సర్ ఫాసియా లాటా అనే చిన్న కండరం, పిరుదు పెద్ద కండరం గ్లూటియస్ మాక్సిమస్ దాన్ని పట్టి లాగుతుంటాయి. ఎముక మీద ఇటూ అటూ జారి రాసుకుపోతుందని ఎన్నాళ్లో చెప్పుకున్నారు. 2006లో ఫెయిర్‌క్లో అనే పరిశోధకుడి బృందం మృతదేహాల్లో కోసి చూసి రాసింది వేరు: ఆ పట్టీ తొడ ఎముకకి పీచులతో కట్టేసి ఉంది, అంత తేలిగ్గా జారదు. దాని కింద నరాలు బాగా ఉన్న కొవ్వు పొర ఉంది, మోకాలు దాదాపు 30 డిగ్రీలు వంగినప్పుడు అది నొక్కుకుపోతుంది. నెమ్మది జాగింగ్‌లోనూ, పల్లంలోకి దిగేటప్పుడూ పాదం నేలకి తగిలే వేళ మోకాలు సరిగ్గా ఆ కోణం చుట్టుపక్కలే ఉంటుంది. కాస్త వేగం పెంచితే మోకాలు ఇంకొంచెం వంగి దిగుతుంది. మీ అనుమానానికి జవాబు అదే.

ఇక పని. మొదటి వారం పది రోజులు, నొప్పి మొదలయ్యే దూరానికి బాగా ముందే ఆగండి. ఆరులో వస్తే నాలుగులో ఆగడం. "ఇంకో అర కిలోమీటరే కదా" అని తోసుకుపోతే మర్నాటి నుంచి మూడో కిలోమీటరులోనే వస్తుంది. పరుగయ్యాక ఐస్ గుడ్డలో చుట్టి 10-15 నిమిషాలు పెట్టుకోవచ్చు. అది ఉపశమనం, చికిత్స కాదు.

వ్యాయామాలు రోజు విడిచి రోజు:

గోడ దగ్గర పక్కకి పడుకోండి, నొప్పి కాలు పైన. మడమ గోడకి ఆనించి, గోడ మీద జారుస్తూ కాలు పైకి లేపి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించాలి. 12 చొప్పున మూడు సెట్లు. అందరూ తప్పుచేసేది ఇక్కడే. కాలివేళ్లు పైకప్పు వైపు తిరిగినా, కాలు గోడ వదిలి ముందుకొచ్చినా పనంతా ఆ చిన్న టెన్సర్ కండరం లాగేసుకుంటుంది, పిరుదు కండరం నిద్రపోతుంది. వేళ్లు ఎదురుగా చూడాలి, అలసట పిరుదు పై-పక్క భాగంలో తెలియాలి. తుంటి ముందు భాగం లాగుతోందంటే కాలు జరిగిందనే లెక్క.

తర్వాత సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేయి, పాదం మీద ఒళ్లు నిటారుగా లేపి ఉంచడం), 30 సెకన్లు మూడు సార్లు. ఆపైన ఇంటి మెట్టు మీంచి ఒంటికాలితో మెల్లగా దిగడం, 8-10 చొప్పున మూడు సెట్లు, అద్దం ముందు. మోకాలు లోపలికి పడకుండా రెండో కాలివేలికి సూటిగా ఉండాలి, అవతలి తుంటి కుంగకూడదు. నొప్పి వస్తే మెట్టు ఎత్తు తగ్గించండి, రెండు ఇటుకలు పక్కపక్కన పడుకోబెట్టినా చాలు.

రెండు మూడు వారాలకి ఇవి తేలికవుతాయి. తేలికయ్యాక కూడా వాటినే చేస్తూ కూర్చుంటే లాభం లేదు, బరువు ఎక్కాలి. ఒంటికాలి డెడ్‌లిఫ్ట్ (ఒంటికాలి మీద నిలబడి తుంటి దగ్గర ముందుకి వంగి లేవడం), వెనక కాలు కుర్చీ మీద పెట్టి స్ప్లిట్ స్క్వాట్ (ముందు కాలి మీద కిందికి కూర్చుని లేవడం), 8 చొప్పున మూడు సెట్లు. ప్రతి సెట్టులో ఆఖరి రెండు సార్లూ కష్టంగా ఉండేంత బరువు. డంబెల్ లేకపోతే 5 లీటర్ల డబ్బా నిండా నీళ్లు, 5 కిలోలు లెక్క సరిపోతుంది.

చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సర్దుకుంటుంది.

#5 కొండదారి

బలం ఒక సగం, పరుగెత్తే తీరు ఇంకో సగం. నా తరఫున మూడు మాటలు.

నిమిషానికి అడుగులు లెక్కపెట్టండి. 160 ఉంటే 168 దాకా తీసుకెళ్లండి, అంటే 5 శాతం. వేగం పెంచకుండా అడుగు పొట్టి చేయాలి. ఫోన్‌లో మెట్రోనోమ్ (లయగా టిక్ టిక్‌మనే యాప్) పెట్టుకుని ఒక నిమిషం దానితో, రెండు నిమిషాలు లేకుండా. ఎవరో అన్నారని ఒక్కసారిగా 180కి ఎగబాకితే పిక్కలు పట్టేస్తాయి, అప్పుడు ఇంకో టాపిక్ తెరవాలి.

కాళ్ల మధ్య ఎడం చూసుకోండి. వెనక నుంచి వీడియో తీయించండి. కుడి పాదం వచ్చి ఎడమ పాదం ముందు ఒకే గీత మీద పడుతోందంటే అడుగడుగునా ఆ పట్టీ సాగుతోందన్నమాట. ట్రాక్ మీద లేన్ గీతకి అటో పాదం ఇటో పాదం వేసి పరుగెత్తితే అలవాటవుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల తేడా చాలు, బాతు నడక అక్కర్లేదు.

రోడ్డు వాలు. నీళ్లు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం. ఎదురొచ్చే బండ్లు కనపడాలని మనం ఎప్పుడూ కుడి అంచునే పరుగెత్తుతాం, కుడికాలు ఎప్పుడూ పల్లంలోనే. బీచ్‌లో తడి ఇసుక మీద పరుగెత్తేవాళ్లకీ అంతే, సముద్రం వైపు కాలు ఎప్పుడూ కిందే. పార్కు లోపలి దారిలోనో స్టేడియంలోనో సమతలంగా ఉన్న చోట చేయండి. 400 మీటర్ల ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు దిశ మార్చండి. జనం ఉన్నప్పుడు మాత్రం వద్దు, గుద్దుకుంటారు.

#6 రోలర్_రాజా

అంతా బాగుంది గానీ, రోలర్ కొట్టగానే అంత తేలిక ఎందుకు అనిపిస్తుంది మరి? వేలమంది చేస్తున్నది తప్పంటారా?

#7 ఫిజియో_వాల్తేరు

తేలిక అనిపించడం నిజమే రాజా గారూ, కాదనను. గట్టిగా నొక్కినప్పుడు నొప్పి కబురు కాసేపు మందగిస్తుంది, కండరం కాస్త వదులవుతుంది. పరుగుకి ముందు ఆ కాసేపు సుఖం కావాలంటే చేసుకోండి. పట్టీ మాత్రం సాగదు. కారు సీటు బెల్టులాంటి దాన్ని చేత్తో పొడవు చేయాలనుకోవడమే అది.

చేసేచోటు మార్చండి. తుంటి ముందు-పక్కన టెన్సర్ కండరం, పిరుదు కింద టెన్నిస్ బంతి, తొడ పక్క కండరం, ఒక్కోచోట ఒక్క నిమిషం. మోకాలి పక్క గుబ్బ మీద వద్దు, నొక్కుకుపోయి బాధపడుతున్నదాన్ని మళ్లీ నొక్కినట్టవుతుంది. తుంటి పక్క ఎముక మీద అసలు వద్దు. తొడ మీద మంట, తిమ్మిరి ఉన్నవాళ్లు రోలర్ ముట్టుకోవద్దు.

#8 ఎముకల_డాక్టర్

గజ్జల్లో నొప్పి గురించి. దీన్ని పొరపాటున కూడా తొడ పక్క నొప్పుల్లో కలిపేయకండి.

దూరం ఒక్కసారిగా పెంచిన రన్నర్‌కి గజ్జల్లోనో తొడ ముందు లోతుగానో నొప్పి వచ్చి, ప్రతి అడుగుకీ పెరుగుతూ, ఆగాక కూడా సలుపుతూ, రాత్రిపూట కూడా ఉంటే తొడ ఎముక మెడ (తుంటి కీలు దగ్గరి సన్నని భాగం) దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే ఒత్తిడికి వచ్చే సన్నని పగులు, కాదని తేలేదాకా అదే అనుకోవాలి. ఒంటికాలి మీద గెంతితే తెలుస్తుందని ఎవరో పాత టాపిక్‌లో రాశారు. అనుమానం ఉన్నప్పుడు గెంతి చూసుకోకండి, పగులు జరగొచ్చు. పరుగు ఆ రోజే ఆపాలి, వీలైతే ఆ కాలి మీద బరువు కూడా తగ్గించాలి.

మొదటి రెండు మూడు వారాలు ఎక్స్-రేలో ఏమీ కనపడకపోవచ్చు. "ఎక్స్-రే నార్మల్" అన్న కాగితం పట్టుకుని మళ్లీ పరుగుకి వెళ్లేవాళ్లే ఎక్కువ చిక్కులు తెచ్చుకుంటారు. ఎంఆర్‌ఐ కావాలి. పగులు ఎముక మెడ కింది అంచున చిన్నదిగా ఉంటే బరువు మోపకుండా కొన్ని వారాల్లో మానుతుంది. పై అంచున ఉంటే అది లాగుడు పడే వైపు, విడిపోయే ప్రమాదం ఎక్కువ, సాధారణంగా స్క్రూలు వేయాల్సి వస్తుంది. తిండి బాగా తగ్గించి దూరం పెంచినవాళ్లు, నెలసరి ఆగిపోయిన అమ్మాయిలు, విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్లు ఇక్కడ ముందు వరసలో ఉంటారు.

ఇంకొకటి, పెద్దవయసు వాకర్లు, రన్నర్ల కోసం. ఎముకల బలానికి అలెండ్రోనేట్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లకి తొడ మధ్యలో, బయటి అంచున మొండి నొప్పి మొదలైతే వెంటనే ఎక్స్-రే, రెండు తొడలకీ. ఆ మందు దీర్ఘకాలం వాడినవాళ్లలో అరుదుగా తొడ ఎముక బయటి అంచున సన్నని పగులు వస్తుంది. రెండో వైపు కూడా ఉండొచ్చు. దానికి మర్దన చేయించుకుంటూ కూర్చోకూడదు.

#9 కాకినాడ_వాకర్స్

మా గ్రూపులో నలభై దాటిన ఆడవాళ్లు ముగ్గురు నలుగురికి మీరు చెప్పిన రెండో రకం ఉంది. నడక నుంచి పరుగుకి మారాకే వచ్చింది. కాలు మీద కాలు వేసి వంగి సాగదీసే వ్యాయామం యూట్యూబ్ చూసి చేస్తున్నారు, పొద్దున బాగుంటోంది, రాత్రికి మళ్లీ మామూలే. ఒకావిడకి ఇంజెక్షన్ చేయించుకోమన్నారట. చేయించుకోవచ్చా?

#10 ఫిజియో_వాల్తేరు

ఆ సాగదీత ఈరోజే మానిపించండి అమ్మా. తుంటి పక్క స్నాయువు ఎముక మీద నొక్కుకోవడం వల్లే ఈ జబ్బు, కాలిని అడ్డంగా లోపలికి లాగితే ఇంకా నొక్కుకుంటుంది. నేను #4లో రాసిన మెట్టు దిగుడు కూడా వీళ్లకి మొదటి వారాల్లో వద్దు, తుంటి కుంగితే అదే ఒత్తిడి.

రోజువారీ అలవాట్లతో సగం నయమవుతుంది. ఒక తుంటి మీద వాలి నిలబడకూడదు. వంటింట్లో పొయ్యి దగ్గర, బస్టాపులో అందరం అలాగే నిలబడతాం, చంకలో పిల్లాడుంటే మరీను. కాలు మీద కాలు వేసుకుని కూర్చోవద్దు, రెండు కాళ్లూ ఒక పక్కకి మడిచి నేల మీద కూర్చోవద్దు. పడుకునేటప్పుడు వెల్లకిలా, లేదంటే బాగున్న పక్కకి తిరిగి, మోకాళ్ల నుంచి చీలమండల దాకా మధ్యలో మందపాటి దిండు. దిండు మోకాళ్ల దగ్గరే ఉండి పాదం కిందకి జారితే పెద్దగా ఉపయోగం లేదు.

వ్యాయామం కదలిక లేకుండా మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, మోకాళ్ల పైన తొడలకి చున్నీయో బెల్టో కట్టి, కాళ్లు తుంటి వెడల్పు ఎడంగా ఉంచి, బయటికి మెల్లగా తోస్తూ 30 సెకన్లు పట్టి ఉంచాలి. ఐదు సార్లు, రోజుకి రెండు పూటలా. బలమంతా వాడొద్దు, పావు వంతు చాలు. నొప్పి పెరగకపోతే రెండో వారం నుంచి బ్రిడ్జ్ (అలాగే పడుకుని పిరుదులు పైకి లేపడం), తర్వాత కుర్చీ మీంచి లేవడం, రబ్బరు బ్యాండ్‌తో పక్క అడుగులు, చివరికి ఒంటికాలి పనులు. రాత్రి నొప్పి ఎలా ఉందో దాన్నే కొలబద్దగా పెట్టుకోండి. రాత్రి పెరిగితే ఆ రోజు చేసింది ఎక్కువైనట్టే. పరుగు బదులు కొన్ని వారాలు సమతలం మీద నడక చాలు.

#11 ఎముకల_డాక్టర్

ఇంజెక్షన్ మాట. ఈ తుంటి పక్క నొప్పి మీద ఆస్ట్రేలియాలో 204 మందితో చేసిన ట్రయల్ 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. అలవాట్లు మార్చి వ్యాయామం చేసినవాళ్లు ఒక గుంపు, ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు ఒక గుంపు, ఏమీ చేయకుండా చూసినవాళ్లు ఇంకొకటి. ఎనిమిది వారాలకి బాగుందన్నవాళ్లు వరసగా 77, 58, 29 శాతం. ఏడాదికి 79, 58, 52. అంటే ఇంజెక్షన్ మొదట్లో ఊరటనిస్తుంది గానీ, ఏడాది తిరిగేసరికి ఊరికే ఉన్నవాళ్లకీ వాళ్లకీ పెద్ద తేడా లేదు. నిద్రే పట్టని నొప్పి ఉంటే ఒకసారి ఆలోచించవచ్చు. మళ్లీ మళ్లీ వేయించుకుంటే స్నాయువు బలహీనపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పి చూసుకుంటూ ఉండాలి.

#12 డాలస్_తెలుగు

నాది మూడో రకం లక్షణం. కుడి తొడ పక్కన అరచేయంత చోట మొద్దుబారి, గంట దాటిన పరుగులో మంట. కూర్చుంటే తగ్గుతుంది. కాలు బలంలో తేడా లేదు. ఇక్కడ ఎంఆర్‌ఐకి బిల్లు చూస్తే భయమేస్తోంది, అవసరమా?

#13 ఎముకల_డాక్టర్

నడుముకి బాటిళ్ల బెల్టో ఫోన్ పౌచో కట్టుకుంటారా? ముందు అది విప్పండి. తొడ పక్క చర్మానికి స్పర్శనిచ్చే నరం ఒకటి నడుములో రెండో మూడో వెన్నుపూసల దగ్గర బయల్దేరి, నడుము ముందు పక్కన చేతికి తగిలే ఎముక మొన పక్కనుంచి, గజ్జల పట్టీ కింద దూరి తొడలోకి వస్తుంది. సరిగ్గా బెల్టు బిగిసే చోటది. దాన్నే మెరాల్జియా పారెస్తెటికా అంటారు. బిగుతు కంప్రెషన్ షార్ట్స్, లంగా బొందు, పైజామా నాడా, కొత్తగా వచ్చిన పొట్ట, గర్భం, అన్నీ ఒకే చోట నొక్కుతాయి.

ఈ నరం కండరాలకి పోదు, స్పర్శ మాత్రమే. కాబట్టి మోకాలు చాపే బలం తగ్గినా, మొద్దుబారడం మోకాలు దాటి కిందికి పాకినా, నడుము నొప్పి తోడైనా ఇది కాదు, అప్పుడు వెన్ను పరీక్ష కావాలి. దూదితో రెండు తొడలూ తాకి చూసి, ఆ ముక్క మేర పెన్నుతో గీత గీసుకుని రండి, డాక్టర్ పని సగం అయిపోతుంది. మీరు చెప్పినట్టే ఉంటే మొదటే ఎంఆర్‌ఐ అక్కర్లేదు. షుగర్ మాత్రం చూపించుకోండి, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చాలు, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ.

బెల్టు బదులు చేతిలో పట్టుకునే బాటిల్, లేదా భుజాల మీద మోసే వెస్ట్. నొక్కేది తీసేస్తే చాలామందికి వారాల నుంచి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. మంట నిద్ర చెడగొడితే నరాల నొప్పికి మాత్రలుంటాయి, డాక్టర్ రాయాలి. అప్పటికీ తగ్గకపోతే నరం దగ్గర మత్తు ఇంజెక్షన్. ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు చాలా తక్కువ.

#14 మోడరేటర్_పొద్దుపరుగు

నొప్పి మాత్ర వేసుకుని లాంగ్ రన్ చేయొచ్చా అని మెసేజ్‌లు వస్తున్నాయి. ఆముదం మర్దన గురించి కూడా.

#15 ఎముకల_డాక్టర్

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని పరుగుకి వెళ్లొద్దు. ఆగస్టు ఉక్కలో ఒంట్లో నీళ్లు తగ్గి కిడ్నీకి రక్తం ఎలాగూ తక్కువే అందుతుంది, ఈ మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. పైగా నొప్పి తెలియక ఆగాల్సిన చోట ఆగరు. ఆముదం గోరువెచ్చగా రాసుకుంటే కండరానికి హాయిగా ఉంటుంది, చేయించుకోండి. ఎముక గుబ్బల మీద బొటనవేలితో కసిగా నొక్కించుకోవద్దు.

#16 నల్గొండ_రన్నర్

రన్నర్లు చర్మం మీద అంటించుకునే సాగే టేప్ అంటిస్తే? ఇంకో మాట, రేసుకి ఐదు వారాలే ఉంది, హాఫ్‌కి కట్టేశాను. 21 కిలోమీటర్లు, దారిలో వచ్చే ఆ ఫ్లైఓవర్లు... అవుతుందా?

#17 కొండదారి

టేప్ హాని చేయదు, పెద్దగా మేలూ చేయదు. ఊరట అనిపిస్తే అంటించుకో తమ్ముడూ.

తిరిగి మొదలుపెట్టే వరస ఇలా ఉంచు. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పది సార్లు, సమతలం మీద. రోజు విడిచి రోజు. ఈడ్చుకుంటూ కాకుండా కాస్త చురుకైన వేగంతో. నొప్పి పదిలో మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున మెట్లు దిగితే ఏమీ ఉండకూడదు. రెండు సార్లు అలా గడిస్తే పరుగు రెండు నిమిషాలు చెయ్యి, తర్వాత నాలుగు. దూరం కుదిరాక ఎగుడు చేర్చు, ట్రెడ్‌మిల్ ఉంటే 2-3 శాతం ఎత్తు పెట్టి. దిగుడు అన్నిటికన్నా ఆఖర్న. ఇప్పుడు నొప్పి ఆరో కిలోమీటరులో వస్తోందంటే, ఐదు వారాల్లో దిగుళ్లతో సహా 21కి రావడం కష్టం. 10 కిలోమీటర్లకి మార్చుకోనిస్తారేమో నిర్వాహకుల్ని ఇప్పుడే అడుగు.

ఏ దూరమైనా ఫ్లైఓవర్ దిగేటప్పుడు మడమతో బ్రేక్ వేయొద్దు. అడుగు పొట్టి, ఒళ్లు నడుము దగ్గర కాకుండా చీలమండ దగ్గర్నుంచి కొంచెం ముందుకి. అక్కడ నొప్పి మొదలైతే దిగుడంతా నడిచేసి, సమతలం వచ్చాక మళ్లీ పరుగందుకో.

#18 నల్గొండ_రన్నర్

సరే అన్నా, 10కి మార్చమని ఇప్పుడే మెయిల్ పెడుతున్నా. గోడ వ్యాయామం ఈ సాయంత్రం నుంచే.

#19 ఫిజియో_వాల్తేరు

వేళ్లు ఎదురుగా, మడమ గోడకి. వారం తర్వాత పక్క నుంచి వీడియో తీసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.